‘మహత్తర క్షణం’ వెనుక గొంతు: రాక్ అండ్ రోల్ చరిత్రరచన వెలుగులో కోయ డోలి, తెలుగు సినిమా పాట – ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

రాక్ అండ్ రోల్ చరిత్రను కొన్ని ‘మహత్తర క్షణాల’ వరుసగా చెప్పడం వాడుకలో ఉంది. ఒక రికార్డింగు, ఒక వేదిక, ఒక పురస్కారం ఆ చరిత్రలో మైలురాళ్లుగా నిలుస్తాయి. ఆ క్షణానికి ముందు పాటను మోసుకొచ్చిన గొంతులు మాత్రం అంచుకు జరిగిపోతాయి. గత కొన్నేళ్లుగా తెలుగు జానపద, ఆదివాసీ సంగీతంపై జరుగుతున్న చర్చలోనూ ఇదే పద్ధతి బలపడుతోంది. రాక్ అండ్ రోల్ చరిత్రలోని కొన్ని ప్రసిద్ధ సందర్భాలను పరిశీలించి, వాటి వెలుగులో ఖమ్మం–భద్రాచలం అటవీ ప్రాంతపు కోయ డోలి సంప్రదాయాన్నీ, 2021–2023 మధ్య వచ్చిన మూడు సినిమా పాటలనూ విశ్లేషించి, క్షేత్ర పరిశోధకులు పాటించవలసిన నమోదు పద్ధతిని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: రాక్ అండ్ రోల్, కోయ డోలి, రేల, పడిగె, కిన్నెర, ములకలపల్లి, సకిని రామచంద్రయ్య, నాటు నాటు, క్షేత్ర సేకరణ.

1. ప్రవేశిక:

రాక్ అండ్ రోల్ చరిత్రను చెప్పే గ్రంథాలు, డాక్యుమెంటరీలు దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. 1952 మార్చి 21న క్లీవ్‌లాండ్ నగరంలో రేడియో వ్యాఖ్యాత అలన్ ఫ్రీడ్ పేరుతో జరిగిన ‘మూన్‌డాగ్ కారొనేషన్ బాల్’ తొలి రాక్ కచేరీ అంటారు. 1954 జూలై 5న మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఎల్విస్ ప్రెస్లీ ‘దట్స్ ఆల్ రైట్’ పాడిన రాత్రిని యుగారంభంగా వర్ణిస్తారు. 1965 జూలై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటారుతో వేదికనెక్కిన సంఘటన, 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్ ఉత్సవం ఆ వరుసలో తర్వాతివి. తేదీ, స్థలం, నాయకుడు అనే మూడు అంశాలుంటే ఒక ‘క్షణం’ తయారవుతుంది.

తెలుగులోనూ ఇప్పుడు ఇలాంటి వరుస ఒకటి రూపుదిద్దుకుంటోంది. 2021లో కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య గొంతు ఒక అగ్రనటుని సినిమా పాటలో వినిపించింది. 2022లో మొగిలయ్యకూ, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకూ పద్మశ్రీ పురస్కారాలు ప్రకటించారు. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ వచ్చింది. రేపటి చరిత్రకారుడు తెలుగు జానపద సంగీతపు ఆధునిక దశను ఈ మూడు తేదీలతో మొదలుపెడితే ఆశ్చర్యం లేదు. అలా మొదలుపెడితే ఏది మిగులుతుంది, ఏది జారిపోతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ ప్రశ్నను నగరంలో కూర్చుని వేయడానికీ, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ములకలపల్లి మండలంలోని ఒక కోయగూడెంలో నిలబడి వేయడానికీ తేడా ఉంది. ములకలపల్లి నుంచి భద్రాచలం వరకు విస్తరించిన ఈ అటవీ ప్రాంతంలో పాటకు తేదీ ఉండదు. దానికి పండుగ ఉంటుంది, గట్టు ఉంటుంది, పాడే హక్కు గల కుటుంబం ఉంటుంది. తేదీతో కొలిచే చరిత్ర, పండుగతో కొలిచే పాట ఎదురుపడే చోటు కనుక ఈ ప్రాంతాన్ని పరిశీలనకు కేంద్రంగా తీసుకోవడం సముచితం.

2. ‘తొలి’ అన్న మాటలోని చిక్కు:

రాక్ అండ్ రోల్‌లో తొలి రికార్డు ఏది అన్న చర్చ దశాబ్దాలుగా సాగుతోంది. ఎక్కువమంది చెప్పే సమాధానం 1951 మార్చిలో మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ రికార్డు చేసిన ‘రాకెట్ 88’. ఈ రికార్డు చుట్టూ ప్రచారంలో ఉన్న కథనం ఆసక్తికరమైనది. వాద్యబృందం మిసిసిపీ నుంచి మెంఫిస్ వస్తుండగా గిటారు ఆంప్లిఫయరు దెబ్బతిన్నది. బాగుచేయించే వ్యవధి లేక దానిలో కాగితాలు కుక్కి వాయించారు. అలా పుట్టిన గరగరమనే ధ్వనిని తర్వాతి తరాలు రాక్ గిటారు స్వభావంగా గుర్తించాయి.

అయితే ఆ రికార్డు మీద అచ్చైన పేరు ‘జాకీ బ్రెన్‌స్టన్ అండ్ హిజ్ డెల్టా క్యాట్స్’. ఆ పేరుతో నిజానికి ఏ బృందమూ లేదు. వాయించినది ఐక్ టర్నర్ నడిపిన ‘కింగ్స్ ఆఫ్ రిథమ్’ బృందం. ఆ గరగర ధ్వని పలికించిన గిటారు వాద్యకారుడు విల్లీ కిజార్ట్. ఇక పాట విషయానికి వస్తే, అది 1947 నాటి జిమ్మీ లిగిన్స్ పాట ‘కాడిలాక్ బూగీ’కి రుణపడినదని బ్రెన్‌స్టనే ఒప్పుకున్నాడు. అంటే ‘తొలి’ అని పిలిచిన క్షణాన్ని కొంచెం గీరి చూస్తే కింద మరొక పాట, పక్కన మరొక పేరు బయటపడుతున్నాయి.

సిస్టర్ రోసెటా థార్ప్ ఉదాహరణ ఇంకా స్పష్టమైనది. 1915లో ఆర్కాన్సాలో పుట్టిన ఈ నల్లజాతి గాయని చర్చి భక్తిగీతాలను ఎలక్ట్రిక్ గిటారుతో పాడింది. 1944లో ఆమె రికార్డు చేసిన ‘స్ట్రేంజ్ థింగ్స్ హాపెనింగ్ ఎవ్రీ డే’లో తర్వాతి రాక్ లక్షణాలు అనేకం కనిపిస్తాయని విమర్శకులు అంగీకరిస్తున్నారు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ 1986లో తొలి విడత కళాకారులను చేర్చుకుంది. అందులో ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్ ఉన్నారు. థార్ప్‌కు చోటు దొరికినది 2018లో, ఆమె మరణించిన 45 ఏళ్ల తర్వాత. ఆమె పాటల్లో ఈ మధ్యకాలంలో వచ్చిన మార్పేమీ లేదు. వినేవారి చరిత్రదృష్టి మారడానికి అంతకాలం పట్టింది.

3. పేరు, పైకం, పాట:

మూలకళాకారుని విస్మరించడం అనే మాటను తెలుగు విమర్శలో ఒకే అర్థంలో వాడుతున్నారు. రాక్ చరిత్ర పరిశీలిస్తే ఈ విస్మరణ కనీసం మూడు రకాలుగా జరిగిందని తెలుస్తుంది.

మొదటిది, పేరు ఉండి పైకం లేకపోవడం. ఎల్విస్ పాడిన ‘దట్స్ ఆల్ రైట్’ను 1946లో రాసి పాడినవాడు ఆర్థర్ క్రూడప్. సన్ సంస్థ రికార్డుపై రచయితగా అతని పేరే ఉంది. కాని ఆ పాట ప్రపంచమంతా మోగుతున్న కాలంలో క్రూడప్ కూలి పనులతో బతికాడు. రావలసిన రాయల్టీ కోసం పోరాడుతూనే 1974లో మరణించాడు. పేరు అచ్చువేసినంత మాత్రాన న్యాయం జరిగినట్లు కాదని ఈ ఉదాహరణ చెబుతోంది.

రెండవది, గొంతుకు విలువ లేకపోవడం. ‘హౌండ్ డాగ్’ పాటను 1952లో మొదట రికార్డు చేసినది బిగ్ మామా థార్న్‌టన్. 1953లో అది రిథమ్ అండ్ బ్లూస్ జాబితాలో ఏడు వారాలు ప్రథమస్థానంలో నిలిచింది. 1956లో ఎల్విస్ పాడాక పాట అతనిదైపోయింది. తనకు దక్కినది 500 డాలర్ల చెక్కు ఒక్కటేనని థార్న్‌టన్ చెప్పుకుంది. ఇక్కడ గమనించవలసిన మెలిక ఒకటుంది. పాట రాసినవారు జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే ఇద్దరు శ్వేతజాతి యువకులు. కనుక దీన్ని నల్లవారి రచనను తెల్లవారు అపహరించిన కథగా సరళంగా చెప్పలేము. థార్న్‌టన్ కోల్పోయినది రచయిత హక్కును కాదు. ఆ పాటకు తన గుండెబలంతో ఇచ్చిన రూపాన్ని చట్టం సొత్తుగా గుర్తించలేదు. జానపద కళాకారుల విషయంలో తరచుగా ఎదురయ్యే సమస్య సరిగ్గా ఇదే.

మూడవది, సేకరణ గ్రంథంలో పేరు నిలిచి, జనబాహుళ్యంలో చెరిగిపోవడం. ‘ది హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్’ అనే సంప్రదాయగీతాన్ని 1937లో కెంటకీ రాష్ట్రం మిడిల్స్‌బరోలో 16 ఏళ్ల జార్జియా టర్నర్ పాడగా అలన్ లోమాక్స్ రికార్డు చేశాడు. 1941లో ప్రచురించిన సంకలనంలో ఆమె పేరు చెప్పాడు. 1964లో ఇంగ్లండుకు చెందిన ‘ది ఆనిమల్స్’ బృందం ఆ పాటతో అట్లాంటిక్‌కు రెండు వైపులా ప్రథమస్థానం సాధించింది. ఆ రికార్డుపై సంప్రదాయగీతానికి కూర్పు చేసినవాడిగా అచ్చైన పేరు ఒక్క అలన్ ప్రైస్‌ది. తోటి వాద్యకారులకే చోటు లేనప్పుడు మిడిల్స్‌బరో బాలికకు ఎక్కడిది? ‘సంప్రదాయగీతం’ అన్న ఒక్క మాట ఎన్ని పేర్లను కప్పివేయగలదో ఈ ఉదాహరణ చూపిస్తుంది.

4. సేకర్త, సహసేకర్త:

పై మూడవ ఉదాహరణ పరిశోధకులకు నేరుగా సంబంధించినది. రాక్ సంగీతానికి మూలమైన బ్లూస్ పాటల్లో చాలావరకు క్షేత్రపరిశోధకుల వల్లనే భద్రమయ్యాయి. 1941 వేసవిలో మిసిసిపీలోని స్టోవాల్ తోటలో పనిచేస్తున్న మెకిన్లీ మార్గన్‌ఫీల్డ్ పాటలను లోమాక్స్ రికార్డు చేశాడు. తన గొంతును తానే రికార్డుపై విన్న తర్వాత ఆ యువకునికి నమ్మకం కుదిరింది. 1943లో షికాగో చేరి, ఎలక్ట్రిక్ గిటారు పట్టి, మడీ వాటర్స్‌గా ప్రసిద్ధుడయ్యాడు. ‘రోలింగ్ స్టోన్స్’ బృందం తన పేరును అతని పాట నుంచే తీసుకుంది. పరిశోధకుని యంత్రం పాటను బంధించడమే గాక పాటగాని జీవితాన్ని కూడా మార్చగలదు.

అదే సేకరణ యాత్రకు మరొక వైపు ఉంది. అది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, నల్లజాతి విద్యాసంస్థ ఫిస్క్ విశ్వవిద్యాలయం కలిసి చేసిన పని. ఫిస్క్ తరఫున పాల్గొన్న సంగీతశాస్త్రజ్ఞుడు జాన్ వర్క్, ఆయన సహచరులు రాసిన అధ్యయనాలు దశాబ్దాలపాటు మరుగునపడి, 2005లో మాత్రమే ‘లాస్ట్ డెల్టా ఫౌండ్’ గ్రంథంగా వెలువడ్డాయి. పాటగాని పేరు పోవడం గురించి మాట్లాడే పరిశోధన, తన పక్కన నడిచిన స్థానిక పరిశోధకుని పేరును పోగొట్టుకుంది. ఆదివాసీ గూడేలకు దారి చూపి, భాష విప్పి చెప్పి, ఇంటింటికీ తీసుకువెళ్లే స్థానిక యువతీయువకులు తెలుగు సిద్ధాంతగ్రంథాలలో ‘కృతజ్ఞతలు’ పుటలో ఒక వాక్యంగా మిగిలిపోతున్న తీరుతో దీన్ని పోల్చి చూడవచ్చు.

5. కోయ నేలపై పాట ఉనికి:

కోయ సమాజంలో సంగీతాన్ని ఒకే పేరుతో పిలవడం పొరపాటు. గూడెంలో స్త్రీలు చేతులు కలిపి వరుసగా అడుగులు వేస్తూ పాడే రేల ఒకటి. దున్నపోతు కొమ్ముల తలపాగాలు ధరించి, భుజాన పెద్దడోలు వేలాడదీసుకుని పురుషులు ఆడే కొమ్ము నృత్యం మరొకటి. ఈ రెండూ సమూహానికి చెందినవి. భూమి పండుగ, కొత్తల పండుగ, పెళ్లి వంటి సందర్భాల్లో ఊరంతా పాల్గొంటుంది.

డోలి సంప్రదాయం వీటికి భిన్నమైనది. డోలీలు కోయల గట్ల చరిత్రను, వీరుల, వేల్పుల కథలను తరతరాలుగా పాడే వృత్తిగాయకులు. వేల్పుల బొమ్మలు గల పడిగె అనే త్రికోణాకారపు గుడ్డ ఎదుట డోలు వాయిస్తూ కథ చెబుతారు. పడిగెలోని బొమ్మకూ, పాటలోని ఘట్టానికీ సంబంధం ఉంటుంది. కనుక రికార్డు చేసిన ధ్వని ఒక్కటే ఆ కళారూపాన్ని పూర్తిగా పట్టలేదు. పడిగె లేని డోలి పాట సగం పాఠమే.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఈ సంప్రదాయంలో చివరి తరానికి చెందిన ప్రముఖుడు. సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజుల కథలను కోయభాషలోనూ తెలుగులోనూ పాడగలిగిన కళాకారుడు. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. 2024లో మరణించాడు. దేశం ఆయన పేరు విన్న క్షణానికీ, ఆయన గొంతు ఆగిపోవడానికీ మధ్య వ్యవధి మూడేళ్లు కూడా లేదు. థార్ప్‌కు మరణానంతరం దక్కిన గుర్తింపుతో పోలిస్తే ఇది మెరుగే. కాని గుర్తింపు వచ్చాక ఆ కథలను నేర్చుకునే శిష్యవర్గం ఏర్పడటానికి ఆ వ్యవధి చాలదు. పురస్కారం వ్యక్తికి దక్కింది. పాట బతకడానికి కావలసినవి పాడే సందర్భం, వినే గట్టు, నేర్చుకునే పిల్లలు.

ఇక్కడ ఊరి పేరు కూడా జాగ్రత్తగా చూడవలసినదే. కూనవరం అనే పేరుతో శబరి–గోదావరి సంగమం వద్ద మరొక ప్రసిద్ధ గ్రామం, మండలం ఉన్నాయి. 2014లో పూర్వపు ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలాలలో అది ఒకటి. అదీ కోయ ప్రాంతమే. ఒక రికార్డింగు మీద ‘కూనవరం, కోయ పాట’ అని మాత్రమే రాస్తే అది ఏ రాష్ట్రానికి చెందినదో ఇరవై ఏళ్ల తర్వాత ఎవరూ చెప్పలేరు. 2016లో ఖమ్మం జిల్లా విడిపోయి ములకలపల్లి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందటి సేకరణల్లో ఈ ఊళ్లన్నీ ఖమ్మం పేరుతోనే ఉంటాయి. పాలనా సరిహద్దులు మారినంత వేగంగా పాట ప్రాంతం మారదు. పరిశోధకుని చీటీ మాత్రం సరిహద్దులతో పాటు మారుతూ గందరగోళం సృష్టిస్తుంది.

6. సినిమా పాటలో జానపద గొంతు – మూడు సందర్భాలు:

(అ) 2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లా నాయక్’ శీర్షికాగీతం మొగిలయ్య గొంతుతో, కిన్నెరతో మొదలవుతుంది. నాయకుడు ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పెరిగాడు, తండ్రి ఎవరు, తాత ఎవరు అని వంశక్రమం చెబుతుంది. ఆ తర్వాత తమన్ కూర్చిన భారీ వాద్యఘోష అందుకుంటుంది. వీరుని కథ మొదలుపెట్టే ముందు వంశం చెప్పడం జానపద వీరగాథల పద్ధతి. కిన్నెర మెట్ల మీద పండుగ సాయన్న కథ పాడే గాయకునికి ఇది కొట్టినపిండి. సినిమా ఆ పద్ధతిని గౌరవంగానే వాడుకుంది, గాయకునిగా ఆయన పేరు చెప్పింది. క్రూడప్, థార్న్‌టన్‌లకు జరిగిన అన్యాయంతో దీన్ని సమానం చేయడం తగదు. అయినా ఒక అసమతుల్యం ఉంది. పాట కల్పిత పాత్రకు మూడు తరాల వంశక్రమం చెప్పింది. నల్లమల అంచుల్లో ఆ కిన్నెరను తరతరాలుగా మోసిన కళాకారుల వంశక్రమం పాట వెలుపలే ఉండిపోయింది.

(ఆ) అదే ఏడాది ‘లవ్ స్టోరీ’ చిత్రంలో వచ్చిన ‘సారంగ దరియా’ మీద పెద్ద చర్చ జరిగింది. సుద్దాల అశోక్‌తేజ రాయగా మంగ్లీ పాడిన ఈ పాట పల్లవి జానపదం. ఆ జానపదగీతాన్ని అంతకు ముందే టీవీ వేదికపై పాడిన గాయని కోమలి తన ప్రస్తావన లేకపోవడాన్ని ప్రశ్నించింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తామని బహిరంగంగా ప్రకటించారు. జార్జియా టర్నర్ విషయంలో ఎవరూ అడగని ప్రశ్నను ఇక్కడ గాయనే స్వయంగా అడగగలిగింది. జానపదగీతానికి రచయిత ఉండడు. కాని సేకర్త ఉంటారు, ప్రచారంలోకి తెచ్చిన గొంతు ఉంటుంది, నేర్పినవారు ఉంటారు. రచయిత లేడు కనుక ఎవరూ లేరనే వాదం చెల్లదని ఈ వివాదం తెలియజెప్పింది. ఆమె పాడిన ఆ టీవీ కార్యక్రమం పేరు ‘రేలా రె రేలా’ కావడం గమనార్హం. ఆదివాసీ పాటలోని మకుటం కార్యక్రమానికి శీర్షిక అయింది. ఆ మాట ఏ సమూహపు ఆటపాటల నుంచి వచ్చిందో తెలిసిన ప్రేక్షకులు ఎందరన్నది వేరే ప్రశ్న.

(ఇ) ‘ఆర్ఆర్ఆర్’ చిత్రంలోని ‘నాటు నాటు’ సన్నివేశాన్ని ఈ దృష్టితో చదివితే కొత్త అర్థాలు స్ఫురిస్తాయి. ఆంగ్లేయుల విందులో జేక్ అనే శ్వేతజాతి యువకుడు భీమ్‌ను అవమానిస్తూ టాంగో, స్వింగ్, ఫ్లమెంకో నృత్యాలను తన నాగరికతకు గుర్తులుగా ప్రదర్శిస్తాడు. చరిత్ర చూస్తే ఆ మూడూ అతనివి కావు. స్వింగ్ నృత్యం న్యూయార్కు హార్లెమ్ నల్లజాతివారి సృష్టి. ఫ్లమెంకోకు ప్రాణం పోసినవారు స్పెయిన్ దక్షిణ ప్రాంతపు జిప్సీలు. టాంగో ఆఫ్రికన్ సంతతివారు, వలసకూలీలు నివసించిన లా ప్లాటా నదీతీరపు పేటల్లో పుట్టింది. అణగారినవారి ఆటలు చేతులు మారి దొరల ఆటలైన తర్వాత, వాటితోనే మరొక అణగారినవాడిని వెక్కిరించడం ఆ సన్నివేశంలోని లోతైన వ్యంగ్యం. ఆ వాద్యబృందంలో ఒక నల్లజాతి డ్రమ్మరు కనిపిస్తాడు. అతనికి మాట లేదు, పేరు లేదు. రాక్ అండ్ రోల్ చరిత్రంతా ఆ మౌనపాత్రలో ఇమిడి ఉందనిపిస్తుంది.

సన్నివేశం ఇంత దూరం వచ్చి ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది. జవాబు చెబుతున్న ఇద్దరిలో భీమ్ గోండు. అతని జాతికి గుస్సాడీ నృత్యం ఉంది. ఆ నృత్యానికి గాను మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ దక్కింది. రామ్ పాత్రకు మూలమైన అల్లూరి 1922–24 మధ్య పోరాడినది మన్యం ఆదివాసులతో కలిసి. అయినా పాటలో వినిపించేది గోండు డోలు కాదు, మన్యం డోలు కాదు. చంద్రబోస్ పదాలు తెలుగు పల్లె జీవితపు రుచుల్ని, జాతరల్ని పరుస్తాయి. కీరవాణి లయ ఆరు మాత్రల వేగంతో పరుగులు తీస్తుంది. ‘నాటు’ అన్న మాట గోండునూ, పల్లె తెలుగునూ ఒకే గొడుగు కిందికి తెచ్చి, వారి మధ్య తేడాను కరిగించివేసింది. పాట గొప్పదనాన్ని ఇది తగ్గించదు. కాని దాన్ని ఆదివాసీ సంగీతానికి దక్కిన విశ్వగౌరవంగా వర్ణించే వ్యాసాలు ఈ తేడాను గుర్తించి రాయవలసి ఉంది.

7. పోలికకు హద్దులు:

రాక్ అండ్ రోల్‌ను, కోయ సంగీతాన్ని పక్కపక్కన పెట్టినంత మాత్రాన రెండూ ఒకటే అని చెప్పడం కాదు. రాక్ అండ్ రోల్ మొదటినుంచీ రికార్డు, రేడియో, విపణి ఆధారంగా పెరిగిన సంగీతం. నాలుగు మాత్రల్లో రెండవ, నాలుగవ మాత్రలపై పడే దెబ్బ దానికి గుర్తు. వేదికపై డ్రమ్ములు ఒకచోట కుదురుగా ఉంటాయి, జనం వాటి ఎదుట ఊగుతారు. కొమ్ము నృత్యంలో డోలు వాయించేవాడే ఆడతాడు. వాద్యం, నాట్యం, శరీరం విడివిడి అంశాలు కావు. డోలి పాటకు వేల్పుల ఆరాధనతో ముడి ఉంది. దాన్ని వినోదంగా మాత్రమే వినడం ఆ సమాజం ఉద్దేశించిన వినికిడి కాదు.

అందువల్ల డోలిని ‘మన రాక్ సంగీతం’ అని పొగడటం విమర్శ కాదు. ఆ పొగడ్త మళ్లీ బయటి కొలతతోనే లోపలి కళను కొలుస్తుంది. రెండు సంగీతాలకూ ఉమ్మడిగా ఉన్నది వాటి చరిత్రలు రాసిన తీరులోని లోపం. పోలిక ప్రయోజనం అంతవరకే.

మరొక అభ్యంతరాన్నీ పరిశీలించాలి. క్షణాలే లేకపోతే ఎవరు వింటారు? ఎల్విస్ పాడకపోతే క్రూడప్ పేరు మనకు తెలిసేదా? పద్మశ్రీ రాకపోతే రామచంద్రయ్య గురించి నగరాల్లో మాట్లాడేవారా? ఈ వాదంలో నిజం ఉంది. లోమాక్స్ యంత్రం లేకుండా మడీ వాటర్స్ లేడు. క్షణాన్ని తిరస్కరించనవసరం లేదు. దాన్ని వెనక్కి చదవగలిగే దారిని భద్రపరచాలి. ‘రాకెట్ 88’ నుంచి ‘కాడిలాక్ బూగీ’కి వెళ్లగలుగుతున్నామంటే ఆ దారి ఎక్కడో నమోదై ఉండటం వల్లనే.

8. పరిశోధకులు చేయవలసినది:

ములకలపల్లి మండలంలోని ఏదో ఒక గూడెంలో భూమి పండుగనాడు ఒక పరిశోధక విద్యార్థిని సెల్‌ఫోనుతో రేల పాటను రికార్డు చేసుకుందని అనుకుందాం. ఆమె పుస్తకంలో ‘కోయ జానపదగీతం, ఖమ్మం ప్రాంతం’ అని రాసుకుంటే, జార్జియా టర్నర్ కథ మళ్లీ మొదలైనట్లే. దానికి బదులుగా ఆమె నమోదు చేయవలసినవి ఇవి: పాట ఎత్తుకున్నవారు, అందుకున్నవారు, పాడినవారు ఆ పాటను ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వారి గట్టు, ఏ పండుగలో, ఏ ఘట్టంలో పాడారు, డోలి పాటయితే ఎదుట ఉన్న పడిగె ఎవరిది, గ్రామం, మండలం, నాటి జిల్లా, నేటి జిల్లా, భాష విప్పి చెప్పిన సహాయకుని పేరు, రికార్డు చేయడానికి, బయట వినిపించడానికి వారు ఇచ్చిన అనుమతి హద్దులు. పేరు చెప్పవద్దని పాడినవారు కోరితే ఆ కోరికను కూడా నమోదు చేసి గౌరవించాలి. కొన్ని పాటలు పూజకు మాత్రమే చెందినవని వారంటే, వాటిని ప్రచురించకపోవడమే పరిశోధన నీతి.

చట్టం ఇందులో సగం దూరమే తోడువస్తుంది. భారత కాపీరైటు చట్టంలో ప్రదర్శకుని హక్కు 1994 సవరణతో చేరింది. 2012 సవరణ ప్రదర్శకునిగా తన పేరు చెప్పించుకునే నైతిక హక్కును గుర్తించింది. ఈ హక్కు పాడిన వ్యక్తిది. ఒక గట్టు, ఒక తెగ ఉమ్మడిగా కాపాడుకున్న పాటపై ఆ సమూహానికి ఈ చట్టంలో ప్రత్యేక హక్కు లేదు. ఉమ్మడి సొత్తు విషయంలో చట్టం మౌనంగా ఉన్నంతకాలం పరిశోధకుని నమోదుపత్రమే సాక్ష్యం. ‘సారంగ దరియా’ వంటి వివాదం రేపు ఒక కోయ పాట మీద వస్తే, గూడెం తరఫున చూపడానికి ఉండే ఆధారం ఆ పత్రమే.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో సమర్పించే జానపద సాహిత్య సిద్ధాంతగ్రంథాలకు ఇలాంటి నమోదుపత్రాన్ని తప్పనిసరి అనుబంధం చేయడం కష్టమైన పని కాదు. ధ్వనిముద్రణ ప్రతిని గూడేనికి తిరిగి అందజేయడం కూడా అందులో ఒక నియమం కావాలి. మడీ వాటర్స్ జీవితాన్ని మలుపు తిప్పినది తన గొంతు తనకు తిరిగి వినిపించడమే అన్నది గుర్తుంచుకోవాలి.

9. ముగింపు:

రాక్ అండ్ రోల్ చరిత్రకారులు తమ ‘తొలి క్షణాల’ వెనుక ఉన్నవారిని వెతకడానికి అరవై డెబ్బై ఏళ్లు పట్టింది. అప్పటికి క్రూడప్, థార్ప్, థార్న్‌టన్ లేరు. వెతుకులాట పాత రికార్డులు, ఒప్పందపత్రాలు, సేకర్తల పుస్తకాల మీద ఆధారపడింది. కోయ సంగీతం విషయంలో పరిస్థితి ఇంకా అంతదాకా రాలేదు. రామచంద్రయ్యతో కలిసి పాడినవారు, ఆయన కథలు విన్న గట్లు, పడిగెలు దాచుకున్న ఇళ్లు ఈనాటికీ ఈ అటవీ ప్రాంతంలో ఉన్నాయి. రేల ఎత్తుకునే స్త్రీలు ఉన్నారు. వారిని పేరుపేరునా అడిగి రాసుకునే అవకాశం పరిశోధకులకు ఉంది.

సినిమా పాటకు, పురస్కారానికి చరిత్రలో చోటు ఎలాగూ దొరుకుతుంది. వాటిని నమోదు చేయడానికి పత్రికలు, టీవీలు చాలు. పండుగనాటి రాత్రి ములకలపల్లి అడవిలో మొదటి చరణం ఎత్తుకున్న మనిషి పేరును రాయవలసిన బాధ్యత మాత్రం పరిశోధనదే.